గ్రీటింగ్ కార్డుకూ కిట్టేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

కొత్త సంవత్సరం, సంక్రాంతి దగ్గర పడితే మా వీధిలో తల్లులకు ఒక టెన్షన్ మొదలవుతుంది. పిల్లలు చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డు తేవాలని బడి నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. దాని వెనకే సామాన్ల చిట్టా కూడా వస్తుంది. గ్లిట్టర్ షీట్లు, ఫోమ్ పూలు, థర్మోకోల్ బంతులు, అతికించే ముత్యాలు, గ్లూ గన్. మొన్న మా పక్కింటామె మూడో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని ఈ చిట్టాతో నా షాపుకొచ్చింది. "అక్కా, ఇవన్నీ కలిపి కిట్టు 180 రూపాయలంట. నీ దగ్గర ఏమన్నా ఉంటాయా?" అని అడిగింది. అంతా షాపులో కొని అతికిస్తే అది చేత్తో చేసింది ఎలా అవుతుందో నాకైతే అర్థం కాలేదు.

నేను తిరుపతి కొర్లగుంటలో బ్లౌజులు కుట్టుకునే మనిషిని. నా మిషన్ కింద రెండు డబ్బాలుంటాయి. ఒకదాంట్లో లేసు ముక్కలు, జరీ అంచులు, రాలిన చమ్కీలు, జత తప్పిన గుండీలు. రెండోదాంట్లో శుభలేఖలు. పెళ్లి బ్లౌజులు కుట్టించుకున్న వాళ్లందరూ ఒక కార్డు ఇచ్చిపోతారు కాబట్టి ముహూర్తాలున్న నెలల్లో ఆ డబ్బా మూతపడదు. పెద్దకర్మ కార్డులను మాత్రం అందులోకి రానివ్వను!

ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మెరూన్ రంగు శుభలేఖ తీశాను. పేర్లున్న భాగం కత్తిరించి పక్కన పెట్టాం. అంత మందం అట్టను ఊరికే మడిస్తే మడత దగ్గర పగిలి లోపలి తెలుపు బయటపడుతుంది. అందుకే సిరా అయిపోయిన పెన్నుతో, స్కేలు ఆనించి గట్టిగా ఒక గీత లాగించాను. ఆ గీత మీద మడిస్తే కార్డు కొత్తదానిలా నిలబడింది. పైన అతికించడానికి, ఎవరిదో బ్లౌజులో మిగిలిన శ్రీకాళహస్తి కలంకారీ ముక్క దొరికింది. అందులో నెమలి మెడ, ముక్కు మాత్రమే ఉన్నాయి. మైదా జిగురు బట్టకు రాస్తే పైకి ఊరి మరక పడుతుంది. కాబట్టి అట్టకే పల్చగా రాసి, బట్ట పరిచి, దాని మీద చల్లారిన ఇస్త్రీ పెట్టె పెట్టాం. కలంకారీ మీది ఆ నల్ల గీతలు దేంతో వేస్తారని ఆ పిల్ల అడిగింది. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి ఆ నలుపు తీస్తారని చెబితే, ముక్కును బట్టకానించి బెల్లం వాసన వస్తుందేమోనని చూసింది. ఆరాక మిగతా నెమలిని తనే స్కెచ్ పెన్నుతో అట్ట మీదికి సాగదీసింది. తోక కార్డు వెనక్కి కూడా పోయింది. మూలన ఉన్న పసుపు కత్తిరించేద్దామా అత్తా అంటే, ఉండనీలే అన్నాను.

చిట్టా ప్రకారం లేదని ఆ కార్డును క్లాసు గోడ మీద పెట్టలేదట.

బళ్లవాళ్లకు ఒకటి గుర్తు చేయాలి. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల్లో అలంకరణకు వాడే థర్మోకోల్ ఉంది. శుభలేఖల చుట్టూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర కూడా ఉంది. ప్లాస్టిక్ వాడొద్దని పిల్లలతో ర్యాలీలు చేయించే బళ్లే చిట్టాలో థర్మోకోల్ రాస్తే ఏమనుకోవాలి? పైగా ఫోమ్ పూలు, బంతులు అతికించిన కార్డు ఏ కవర్లోనూ పట్టదు. గోడ మీద వేలాడదీసి, ఫోటో తీసి గ్రూపులో పెట్టేస్తే దాని పని అయిపోయినట్టే. గ్రీటింగ్ కార్డు అన్నాక ఎవరో ఒకరికి చేరాలి కదా. మేం చేసిన పల్చటి కార్డు మామూలు కవర్లో పట్టింది. 20 గ్రాముల లోపు ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు చాలు. గోడకెక్కని ఆ నెమలి కార్డు చిత్తూరులో ఉన్న వాళ్ల అమ్మమ్మకు పోయింది.

శుభలేఖ మీద కత్తెర పెట్టడం దోషం కదా అని మా వీధి పెద్దావిడ ఒకరు అన్నారు. దేవుడి బొమ్మలున్న కార్డులను చెట్ల మొదట్లో పడేసి, వానకు తడిసి కాళ్ల కింద నలగనివ్వడం అంతకన్నా దోషం కాదా? 2021 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లు గుళ్లలో వాడిన పూలతో అగరబత్తీలు చేయిస్తున్నారు. పూలకు లేని దోషం అట్టముక్కకు ఎందుకు? స్వామి బొమ్మను నేను విడిగా జాగ్రత్తగా కత్తిరించి సంక్రాంతి కార్డు మీద అంటిస్తాను. అందుకున్న వాళ్లు దాన్ని పూజ గదిలోనే పెట్టుకుంటారు.

టీచర్లకు నా మనవి ఇదే. ఈసారి మెసేజ్‌లో చిట్టా పెట్టకండి. "ఇంట్లో ఉన్నవాటితోనే చేయాలి, కొన్నవి తీసుకోం" అని ఒక్క ముక్క రాయండి. చేసిన కార్డులను పిల్లల చేతే పోస్టు డబ్బాలో వేయించండి.

తోటి టైలర్లకు కూడా ఒక మాట. సాయంత్రం షాపు ఊడ్చేటప్పుడు లేసు, జరీ ముక్కలు ఒక సంచిలో వేసి దగ్గర్లోని బడికి ఇవ్వండి. ఇచ్చే ముందు గుండుసూదులు, విరిగిన మిషన్ సూదులు లేకుండా ఒకసారి దులిపి చూడండి.

– ఒక మహిళా టైలర్, కొర్లగుంట, తిరుపతి