రాత్రి 9 గంటల మెసేజ్ గురించి

అందరికీ నమస్కారం. సోమవారం నుంచి రోజూ రాత్రి 9కి గ్రూపులో ఒక ప్రశ్న వస్తుంది: "ఈ రోజు ఎవరికి థాంక్స్ చెప్పాలనిపించింది?" చూడగానే నాలుగుసార్లు నిదానంగా ఊపిరి తీసుకుని, అప్పుడు ఆలోచించండి. జవాబు ఇక్కడే పెట్టక్కర్లేదు, నోట్‌బుక్‌లో ఒక్క లైను చాలు. "దేవుడి దయ, అంతా బాగుంది" అని కాకుండా, వానలోనూ టైముకి పాలు వేసిన అబ్బాయి, బస్సులో సీటిచ్చిన అమ్మాయి, అలా ఫలానా అని రాయండి.

2003లో అచ్చయిన ఎమన్స్, మెక్‌కలో అనే అమెరికా సైకాలజిస్టుల పరిశోధనలో పది వారాలు వారానికోసారి ఇలా రాసినవాళ్లు, చిరాకులు రాసినవాళ్లకంటే తమ జీవితం బాగుందనుకున్నారు. అంటే వారానికోసారి రాసినా ఫలితం కనిపించింది, కాబట్టి మధ్యలో కొన్ని రోజులు మానేసినా కంగారు పడకండి. మనసు బాగోని రోజు అసలు వదిలేయండి, ఎవరూ అడగరు.

గ్రూపులో ఆ ప్రశ్న కింద గుడ్‌నైట్ పూల బొమ్మలు మాత్రం వద్దు, ప్లీజ్! టైము మార్చాలంటే ఆదివారం లోపు నాకు విడిగా చెప్పండి.