ఆ మైకు ఇప్పుడే బయటికి తియ్యకు

ఒరేయ్ మాస్టారూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు "మైకు కొన్నా, లైట్లు కొన్నా, సోమవారం నుంచి ఆన్‌లైన్ కోర్సు రికార్డింగే" అన్నప్పుడు "బాగుంది రా" అని ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. అంత సంబరంలో ఉన్నవాడికి అడ్డం చెప్పడానికి నోరు రాలేదు. అలాగని చెప్పకుండా ఉండలేను కూడా. అందుకే కూర్చుని రాస్తున్నా. ఇది చదవడం అయ్యేదాకా ఆ మైకుని డబ్బాలోనే ఉండనీ.

నా మొదటి ఆన్‌లైన్ కోర్సు సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అదీ నీ సబ్జెక్టే, గణాంకాలు. క్లాసులో యాభై నిమిషాలు ఎలా చెప్తానో కెమెరా ముందూ అలాగే నిలబడి యాభై నిమిషాలు చెప్పాను. అలాంటివి పన్నెండు పాఠాలు. మూడో వారంలో, ఏ నిమిషంలో ఎంతమంది చూస్తున్నారో చూపించే గ్రాఫ్ తెరిచాను. ఐదారు నిమిషాలకే గీత కిందికి జారిపోయి, ఆ తర్వాత నేలబారుగా సాగింది. పద్దెనిమిదో నిమిషం దగ్గర మాత్రం చిన్న గుట్టలా లేచింది. అక్కడ బాగా చెప్పి ఉంటానని మొదట సంతోషించాను. తీరా ఆ ముక్క పెట్టుకుని చూస్తే, "ఇక్కణ్ణుంచి మీకు తెలిసిందే కదా" అంటూ లెక్కలో రెండు మెట్లు ఒక్కసారే దాటేశాను. పాపం పిల్లలు ఆ నలభై సెకన్లనే వెనక్కి తిప్పి తిప్పి చూసుకున్నారు, దారి ఎక్కడ తప్పిందో తెలియక. క్లాసులో అయితే ఆ మొహాలు చూసి అక్కడే ఆగేవాణ్ణి. ఆ రోజు ఎంత బాధపడ్డానో నాకే తెలుసు. నేను పాఠం చెప్పాననుకున్నాను గానీ, వాళ్లు నేర్చుకోవడానికి ఏర్పాటంటూ ఏమీ చెయ్యలేదు.

అప్పట్నుంచి కోర్సుని వెనకనుంచి కడుతున్నాను. నువ్వూ అదే చెయ్యి. ఆఖరి రోజున నీ విద్యార్థి ఏం చేసి చూపించాలో ముందు కాగితం మీద రాసుకో. "సగటు గురించి అవగాహన కలుగుతుంది" అని మాత్రం రాయకు. అవగాహన కలిగిందో లేదో ఎలా తెలుస్తుంది నీకు? "వార్తలో సగటు అన్న మాట కనబడితే, అది అసలు పరిస్థితిని చెప్తోందో దాస్తోందో రెండు మూడు వాక్యాల్లో రాయగలగాలి" అని రాయి. అది కంటికి కనబడే పని, దిద్దగలిగే పని. తర్వాత ఆఖరి పరీక్ష తయారుచెయ్యి. దాన్ని రాయాలంటే వారం వారం ఏ సాధన కావాలో చూడు. ఆ సాధన చెయ్యడానికి నీ మాట ఎక్కడెక్కడ అవసరమో అప్పుడు తేలుతుంది. అక్కడ మాత్రమే వీడియో తియ్యి. నా రెండో కోర్సులో ఇలా చేస్తే పన్నెండు యాభై నిమిషాల పాఠాలకి బదులు మొత్తం మూడు గంటల వీడియో సరిపోయింది. మిగిలిందంతా వాళ్లు చేసే పనే.

వీడియో ఎంత ఉండాలని అడుగుతావని తెలుసు. ఫిలిప్ గువో అనే పరిశోధకుడు, ఇద్దరు సహచరులు కలిసి 2014లో ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణల రికార్డులు పరిశీలించారు. వీడియో ఎంత పొడుగున్నా, విద్యార్థులు చూసే సమయం మధ్యగతం, అంటే వరసలో పేరిస్తే నడిమి విలువ, ఆరు నిమిషాలు దాటలేదు. అలాగని నీ యాభై నిమిషాల పాఠాన్ని కత్తిరించి ఎనిమిది ముక్కలు చేస్తే లాభం లేదురా. ఒక్కో వీడియోకి ఒక్క ప్రశ్న ఉండాలి, అది ముగిసేసరికి ఆ ప్రశ్న తేలాలి. ఇంకో సంగతి, గువో వాళ్లు గమనించిందే: స్టూడియోలో లక్షణంగా తీసినవాటికంటే మాస్టారు తన బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడిన వీడియోలే ఎక్కువ పట్టి ఉంచాయి. కాబట్టి లైట్ల గురించి బెంగ పెట్టుకోకు. మాట స్పష్టంగా వినబడితే చాలు. స్లైడ్ మీద ఉన్న వాక్యాలనే మళ్లీ గొంతెత్తి చదవొద్దు. కళ్లు ఒక వేగంతో చదువుతుంటే చెవులు ఇంకో వేగంతో వింటుంటాయి, రెండూ ఢీకొంటాయి. రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చూపించిన విషయాల్లో ఇదొకటి. బొమ్మ చూపించు, నోటితో వివరించు.

ఇక అసలు సంగతికొస్తా. వీడియో అయిపోగానే "మళ్లీ ఒకసారి చూడండి" అంటాం మనం. అదే పొరపాటు. రోడిగర్, కార్పికీ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక జట్టు పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో జట్టు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ కాగితం పక్కన పెట్టేసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే చదివినవాళ్లే గెలిచారు, 83 శాతం, 71 శాతం. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్లకి 40 శాతం, గుర్తుచేసుకుని రాసినవాళ్లకి 61. అన్నిటికంటే నన్ను కదిలించింది ఏమిటంటే, బాగా గుర్తుంటుందన్న ధీమా ఎక్కువగా ఉన్నది మళ్లీ మళ్లీ చదివిన జట్టుకే. మన పిల్లలు "అర్థమైంది సార్" అన్నప్పుడు అబద్ధమాడరు. ఆ క్షణాన వాళ్లకి నిజంగానే అలా అనిపిస్తుంది.

అందుకని ప్రతి వీడియో వెనకాల వాళ్లచేత ఏదో ఒకటి రాయించు. క్విజ్ అంటే తేలిగ్గా తీసిపారెయ్యకు. తప్పు జవాబులు పేర్చడంలోనే మాస్టారి అనుభవమంతా పనికొస్తుంది. మధ్యగతం పాఠం చూడు. ఐదుగురి మార్కులు 48, 100, 40, 45, 42 అని ఇచ్చి మధ్యగతం ఎంతో అడుగు. సరైన జవాబు 45. పక్కన 40 పెట్టు. అది నొక్కినవాడు వరసలో పేర్చకుండానే నడిమి అంకె తీసుకున్నాడు. 55 కూడా పెట్టు. అది నొక్కినవాడు అన్నీ కూడి ఐదుతో భాగించాడు. నొక్కగానే "తప్పు" అని ఎర్రగా చూపిస్తే వాడికి ఒరిగేదేముంది? 40 నొక్కినవాడికి "ముందు చిన్నదాన్నుంచి పెద్దదాకా పేర్చి చూడు" అని కనబడాలి, 55 నొక్కినవాడికి "నువ్వు కట్టింది సగటు, బాగానే కట్టావు, ఇక్కడ అడిగింది వేరు" అని కనబడాలి. నువ్వు పక్కన కూర్చున్నా అదే అంటావు కదా! ఆ వెంటనే ఇంకో ప్రశ్న: ఐదుగురిలో నలుగురికి సగటు కంటే తక్కువ మార్కులొచ్చాయి, అదెలా? దీనికి జవాబు సొంత మాటల్లో రాయమను. నూరు మార్కులవాడు ఒక్కడే సగటుని పైకి లాగేశాడని వాళ్లంతట వాళ్లు రాసిన రోజున చూడు, నీకెంత ఆనందంగా ఉంటుందో.

మరిచిపోవడం గురించి కూడా ముందే ఆలోచించుకో. ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే తనమీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎంత వేగంగా జారిపోతుందో లెక్కగట్టాడు. నేను మూడో వారం క్విజ్‌లో మొదటి వారం ప్రశ్నలు రెండు కలుపుతాను. పిల్లలు మొదట్లో గొణుగుతారు. గొణగనీ.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తా, నా మనసుకి బాగా దగ్గరైనది. ఆన్‌లైన్‌లో చదివే పిల్లవాడు చాలా ఒంటరివాడురా. 2017-18లో హార్వర్డ్, ఎంఐటీలు ఎడ్‌ఎక్స్‌లో నడిపిన ఉచిత కోర్సుల్లో చేరినవాళ్లలో చివరిదాకా వచ్చింది 3.13 శాతం. అందరూ పూర్తి చెయ్యాలనే చేరరనుకో. అయినా సగంలో ఆగిపోయినవాళ్లలో ఎంతమందికి "ఏమైంది, ఎక్కడ ఆగావు?" అని అడిగేవాళ్లు దొరికి ఉంటే నిలబడేవాళ్లో! నేను వారానికి ఓ పది జవాబులు పూర్తిగా చదివి, పేర్లు చెప్పకుండా, వాటిలోని మంచి ఆలోచనల మీదా పొరపాట్ల మీదా మూడు నిమిషాల ఆడియో పెడతాను. అలా పెట్టిన మొదటి వారమే ఒక అమ్మాయి రాసింది: "సార్, అది నా జవాబే కదా? మీరు నిజంగా చదివారా?" ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. ఆ అమ్మాయి ఆఖరి పరీక్ష దాకా ఒక్క వారం కూడా మానలేదు.

వీడియోలకి సబ్‌టైటిల్స్ పెట్టు, స్లైడ్ మీద అక్షరాలు ఫోన్ తెర మీద చదవగలిగేంత పెద్దవిగా ఉండనీ, డేటా తక్కువున్నవాళ్ల కోసం పాఠాన్ని రాతలో కూడా ఇవ్వు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది, సోమవారం రికార్డింగ్ ఆపి ఆఖరి పరీక్ష రాయడం. రాసి నాకు పంపు. తర్వాత ఒక్క వారం పాఠం మాత్రం తయారుచేసి, ముగ్గురు విద్యార్థులకిచ్చి, వాళ్లు చేస్తున్నప్పుడు పక్కన కూర్చో. నోరు మెదపకూడదు. ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి తిప్పారో రాసుకో. ఆ కాగితం కూడా నాకు కావాలి. నాలుగో విద్యార్థి నేనే. గణాంకాలు తెలియనట్టే కూర్చుని, ఫోన్లోనే మొత్తం చేసి, ఎక్కడ తడబడ్డానో రాసి పంపుతా.

ఆదివారం ఫోన్ చేస్తా. ఈలోగా నామీద కోపం వస్తే తిట్టుకో, పర్లేదు.

ఇట్లు,
నీ నేస్తం