కంట్రీ అంటే జానపదం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా గాయని బియాన్సే గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ‘పాప్ రాణి జానపద బాట’ అన్న శీర్షిక చూడగానే ఒక సందేహం, వ్యాసం ముగిసేసరికి ఒక అభ్యంతరం కలిగాయి. పాతికేళ్లుగా పాప్ సంగీతంలో వెలిగిన గాయని ఉన్నట్టుండి పల్లెపాట మీద మనసుపడి, 2024 మార్చి 29న ‘కౌబాయ్ కార్టర్’ ఆల్బమ్ విడుదల చేసి, మరుసటి ఏడాది గ్రామీ అందుకున్నట్టుగా ఆ కథ నడిచింది. ఆమె పాడినది అమెరికాలో ‘కంట్రీ’ అని పిలిచే సంగీతం. దానికి ‘జానపదం’ అన్న మాటా సరికాదు, ‘ఉన్నట్టుండి’ అన్న మాటా సరికాదు. మొదటిది అనువాదంలో దొర్లిన పొరపాటే అయినా, రెండోది దాని కడుపునే పుట్టింది కనుక రెండింటి గురించీ కలిపే రాస్తున్నాను.

మనకు జానపదమంటే నాట్లు వేస్తూనో, దంపుళ్ల దగ్గరో పాడుకున్న పాట. ఎవరు కట్టారో తెలియదు, ఎవరికీ సొంతం కాదు. కంట్రీ అలాంటిది కాదు. దానికి నాష్‌విల్ అనే రాజధాని ఉంది, 1925 నుంచి నడుస్తున్న గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే రేడియో కార్యక్రమం ఉంది, సొంత స్టేషన్లు, పాటల పట్టికలు, అవార్డులిచ్చే సంఘం ఉన్నాయి. ఊరిని తలచుకుంటూ పట్నంలోని స్టూడియోల్లో తయారయ్యే వ్యాపార సంగీతమది. నిందగా అనడం లేదు, మన సినిమా పాట కూడా అంతే కదా. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ సైతం 1940లలో ఈ పాటల పట్టికను ‘ఫోక్’ అనే పిలిచేది. 1949లో ఆ మాట వదిలేసి ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అని పెట్టుకుంది. వాళ్లు ఎప్పుడో వదిలేసిన మాటను మనం పట్టుకోవడం ఎందుకు?

ఈ పేర్ల గొడవ వెనుక ఒంటి రంగు ఉంది. 1920లలో రికార్డు కంపెనీలు దక్షిణ రాష్ట్రాలు తిరిగి పాటలు సేకరించినప్పుడు, నల్లవారు పాడినవాటిని ‘రేస్ రికార్డులు’గాను, తెల్లవారు పాడినవాటిని ‘హిల్‌బిల్లీ’గాను వేరువేరు జాబితాల్లో పెట్టి అమ్ముకున్నాయి. ఒకే ఊళ్లో ఇద్దరూ ఒకే పాట పాడుకుంటున్నా, కొనేవారి రంగును బట్టి పాటకు పేరు పడింది. ఇప్పుడు కంట్రీకి గుర్తుగా చెప్పుకునే బాంజో అనే తీగల వాద్యం కూడా పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో రూపుదిద్దుకున్నదే. తొలినాటి బాంజోలకు, మన కిన్నెరకు మాదిరిగానే, ఎండిన సొరబుర్రలు వాడేవారు. బియాన్సే ఆల్బమ్‌లోని ‘టెక్సస్ హోల్డెమ్’ పాటలో బాంజో వాయించినది రియానన్ గిడెన్స్ అనే నల్లజాతి కళాకారిణి. ఈ చరిత్రను ఏళ్లుగా చెబుతూ వస్తున్న ఆవిడను ఆ పాటకు ఎంచుకోవడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఇక ‘ఉన్నట్టుండి’ విషయానికి వస్తాను. బియాన్సే 1981లో టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో పుట్టింది. మా అమ్మాయి కుటుంబం ఆ నగర శివార్లలో ఉండడం వల్ల ఒక ఏడాది శీతాకాలం చివర నేనక్కడ ఉన్నాను. మార్చిలో జరిగే రోడియో (కౌబాయ్‌ల గుర్రపుస్వారీ పోటీల) ఉత్సవానికి ముందు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుర్రాల మీదా గూడుబండ్ల మీదా రోజుల తరబడి ప్రయాణించి దళాలు నగరంలోకి వస్తాయి. వాటిలో ప్రెయిరీ వ్యూ పేరుతో 1957లో మొదలైన నల్లవారి దళం ఒకటి. పెద్ద టోపీ పెట్టుకున్న ఒక నల్లజాతి పెద్దాయన, ముందు మనవణ్ణి కూర్చోబెట్టుకుని, ఆగిన కార్ల మధ్య నుంచి తీరిగ్గా గుర్రం నడుపుకుంటూ పోయాడు. వెనక బండిలోంచి వినబడుతున్నది కంట్రీ పాటే. కౌబాయ్ అంటే తెల్లవాడేనని సినిమాలు చూసి అనుకున్న నాకు అది పెద్ద పాఠం. ఆ రోడియో వేదిక మీద బియాన్సే 2001 నుంచి 2007 లోపు, మొదట తన బృందంతోను, తర్వాత ఒంటరిగాను నాలుగుసార్లు పాడింది. అలాంటి ఊళ్లో పెరిగిన మనిషి కంట్రీ పాడితే దానిని కొత్త అవతారం అనడం కంటే పుట్టింటికి రావడం అనడమే సబబు.

పుట్టింటి వారు తలుపు తీశారా అన్నది వేరే సంగతి. 2016 నవంబరులో నాష్‌విల్‌లో కంట్రీ సంఘం అవార్డుల వేదిక మీద ఆమె పాడితే, ఆమెకు ఇక్కడేం పని అని ఎంతోమంది దుమ్మెత్తిపోశారు. ఆ పాటను గ్రామీ కంట్రీ విభాగానికి పంపితే అక్కడి కమిటీ చేర్చుకోలేదు. తనను ఆదరించని ఒక అనుభవం నుంచే ‘కౌబాయ్ కార్టర్’ పుట్టిందని, అయిదేళ్లకు పైగా దాని మీద పనిచేశానని ఆమే తర్వాత రాసుకుంది. 2024 ఫిబ్రవరిలో ఓక్లహోమాలో ఒక రేడియో స్టేషన్‌ను ఒక శ్రోత ‘టెక్సస్ హోల్డెమ్’ వేయమని అడిగితే, మాది కంట్రీ స్టేషన్ కనుక బియాన్సే పాటలు వేయబోమని జవాబు వచ్చింది. గోల పెరిగాక గాని వేయలేదు. అదే నెలలో ఆ పాట బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. నల్లజాతి స్త్రీకి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి.

ఆ ఏడాది కంట్రీ సంఘం ఆమెకు ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు. ర్యాప్, పాప్‌ల నుంచి అప్పుడే కంట్రీకి వచ్చిన తెల్లజాతి గాయకుడు పోస్ట్ మలోన్‌కు మాత్రం ఇచ్చింది. ఆయన నాష్‌విల్ తారలను వెంటబెట్టుకుని, అక్కడి వారితో కలిసి పనిచేశాడన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే డాలీ పార్టన్, విల్లీ నెల్సన్ అంతటి కంట్రీ దిగ్గజాల గొంతులు బియాన్సే ఆల్బమ్‌లోనూ వినిపిస్తాయి. న్యాయంగా చెప్పాలంటే ఆ గుమ్మం తెల్లవారికీ అన్నివేళలా తెరిచి లేదు: 1974లో పాప్ గాయని ఒలీవియా న్యూటన్-జాన్‌కు ఉత్తమ గాయని అవార్డు ఇచ్చినందుకు నాష్‌విల్ కళాకారులు కొందరు అలిగి వేరే సంఘమే పెట్టుకున్నారు. అలిగినా ఆమె పాటలు ఆగలేదు, అవార్డూ వెనక్కి పోలేదు.

2025 ఫిబ్రవరి 2న బియాన్సేకు ఉత్తమ కంట్రీ ఆల్బమ్ గ్రామీతో పాటు, అంతకు ముందు నాలుగుసార్లు చేజారిన ఉత్తమ ఆల్బమ్ గ్రామీ కూడా వచ్చింది. కంట్రీ అవార్డును చేతికిచ్చినది టేలర్ స్విఫ్ట్. ఆమె కంట్రీలో పేరు తెచ్చుకుని పాప్‌కు వెళ్లిన గాయని. ఇటు నుంచి అటు వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయిందన్న సంగతి మీ వ్యాసకర్తకు తట్టి ఉంటే బాగుండేది.

ఒక మనవి. జాజ్‌ను జాజ్ అన్నట్టే కంట్రీని కంట్రీ అనే రాయండి. వీలైతే ఆదివారం పేజీలో లిండా మార్టెల్ అనే ఆవిడకు కొంత చోటివ్వండి. అంతకు ముందు వేరే తరహా పాటలు పాడిన ఆమె 1969లో కంట్రీకి మారి, గ్రాండ్ ఓల్ ఓప్రీలో ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి స్త్రీ అయింది. ఆమె పాట కంట్రీ పట్టికలో 22వ స్థానం దాకా వెళ్లింది. కచేరీల్లో జనం రంగు పేరుతో తిట్లు విసిరినా పాడింది. ఆమె రికార్డు తెచ్చిన కంపెనీ పేరు ‘ప్లాంటేషన్’, అంటే బానిసల చేత పత్తి తీయించిన తోటల పేరే. ఒకే ఒక్క ఆల్బమ్ తర్వాత ఆమెకు ఆ దారి మూసుకుపోయింది, తర్వాతి కాలంలో బడి బస్సు కూడా నడిపింది. 82వ ఏట, ‘కౌబాయ్ కార్టర్’లో బియాన్సే ఆమె చేత మాట్లాడించింది. మీ వ్యాసంలో ఆ పేరు ఒక్కచోటా కనబడలేదు.

భవదీయురాలు,
ఒక పాత పాఠకురాలు,
తెనాలి.