48 నుంచి మళ్లీ 60 వైపు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

కర్మాగారాల్లో పనిగంటల గురించి మీ పత్రికలో వార్త వచ్చి వారం దాటింది. లోపలి పేజీలో చిన్న వార్త. రోజుకు 9 గంటల పరిమితిని 10 చేయడానికి మన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో ఒప్పుకుందట. దీనివల్ల పెట్టుబడులు వస్తాయన్న మంత్రిగారి మాట వేశారు. మిషన్ దగ్గర నిలబడేవాళ్లలో ఒక్కరినైనా అడిగి రాయాల్సింది.

నేను ఒక మిల్లు టైమ్ ఆఫీసులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారు, ఎన్నింటికి బయటికెళ్లారు, ఎవరికెంత ఓటీ (ఓవర్‌టైమ్, అంటే అదనపు గంటల పని) వచ్చింది, రోజంతా అదే పని. కాబట్టి ఈ లెక్క నాకు తెలుసు. వారానికి 48 గంటలు అలాగే ఉన్నాయి కదా, కంగారెందుకు అంటున్నారు. కానీ మూడు నెలలకు ఓటీ పరిమితిని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచుతున్నారు. మూడు నెలలంటే 13 వారాలు. 144ను 13తో భాగించండి, వారానికి 11 గంటలు. 48కి కలిపితే 59.

ఆ 59 చూసి నాకు కడుపు మండిపోయింది. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక మహాసభ (దేశదేశాల ప్రభుత్వాలు, యజమానులు, కార్మికుల ప్రతినిధులు కూర్చునే సభ) మొదటిసారి కూర్చుని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని ఒడంబడిక రాసింది. అందులోనే ఒక ఆర్టికల్ పెట్టి, బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న మనకు మాత్రం వారానికి 60 అన్నారు. 1921లో మన దేశం దాన్ని ఆమోదించింది. మరుసటి ఏడాదే ఫ్యాక్టరీల చట్టంలోకి 60 గంటల పరిమితి వచ్చింది. 1934లో అది 54కి తగ్గింది. అంబేద్కర్ గారు కార్మిక శాఖ చూస్తున్నప్పుడు పెట్టిన బిల్లుతో 1946లో 48కి దిగింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టం ఆ 48నే నిలబెట్టింది. పరాయి పాలనలో మొదలుపెట్టి పాతికేళ్లు పోరాడి దించుకున్న గంటలవి. మనం ఎన్నుకున్న ప్రభుత్వమే వాటిని ఓటీ పేరుతో మళ్లీ 60 దగ్గరికి చేరుస్తానంటే ఎలా ఊరుకుంటాం?

మన తెలుగువారు వి.వి. గిరి గారు 1927లో కార్మికుల ప్రతినిధిగా జెనీవాలో జరిగిన ఆ కార్మిక మహాసభకు వెళ్లారు. 2025లో అదే మహాసభ జూన్ 2 నుంచి 13 దాకా జరిగింది. అది నడుస్తున్న రోజుల్లోనే ఇక్కడ మంత్రివర్గం ఈ సవరణకు తల ఊపింది.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి, బట్టలు కుట్టే కంపెనీలో పని. తెల్లవారుజామున నాలుగూ నలభైకి వీధి చివర కంపెనీ బస్సు ఎక్కుతుంది. టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పట్టదని రబ్బరు బ్యాండు వేసుకుంటుంది. చేరేటప్పుడు ఇచ్చిన కాగితాల కట్ట చదివి పెట్టమని నా దగ్గరికి తెచ్చింది. సంతకం పెట్టాల్సిన చోటల్లా ముందే పెన్సిల్‌తో ఇంటూ మార్కులు కొట్టి ఇచ్చారు. అన్నీ ఇంగ్లీషులోనే. అందులో ఒకటి, ఏ షిఫ్టుకైనా, ఎంత ఓటీకైనా నేను ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను అన్న కాగితం. "ఇది ఒక్కటీ పెట్టకపోతే ఉద్యోగం ఇస్తారా తాతగారూ?" అని అడిగింది. ఏం చెప్పను? రాత్రి షిఫ్టుకు ఆడవాళ్ల సమ్మతి తీసుకుంటామని ఇప్పుడు ప్రభుత్వం అంటుంటే నాకు ఆ పెన్సిల్ మార్కులే గుర్తొస్తున్నాయి.

ఇంకొకటి. ఇప్పటిదాకా 5 గంటలు చేశాక విశ్రాంతి ఇవ్వాలి, దాన్ని 6 చేస్తారట. మా మిల్లులో యాక్సిడెంట్ రిజిస్టరు రాసింది నేనే. వేలు నలిగినా, చెయ్యి పట్టేసినా, ఎక్కువ పేర్లు షిఫ్టు చివరి గంటలోనే రాసేవాణ్ని. అలాగే 9 గంటలు దాటితే డబుల్ జీతం అన్నది 1948 చట్టం. ఆ గీతను పదికి జరిపితే పదో గంటకు డబుల్ వస్తుందా, మామూలు కూలీయేనా? ఈ ముక్క జనానికి తేల్చి చెప్పాలి.

ఇక తనిఖీలు. ముందు చెప్పకుండా, పగలైనా రాత్రయినా ఇన్‌స్పెక్టర్ లోపలికి వెళ్లొచ్చు, ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టకూడదు అని ఆ కార్మిక మహాసభ రాసిన 81వ నంబరు ఒడంబడిక చెబుతోంది. మన దేశం 1949లోనే దాన్ని ఆమోదించింది. ఆ అమ్మాయి ఓటీ డబ్బుల కోసం నేనొక ఆఫీసుకు వెళ్తే, ఆమె పేరు, కంపెనీ టోకెన్ నంబరు రాసి సంతకంతో ఇస్తేనే తీసుకుంటామన్నారు. కాపీ యాజమాన్యానికి పంపుతారట! చేసేది లేక లేచి వచ్చేశాను. సంఘం పెట్టుకునే హక్కు, యాజమాన్యంతో కూర్చుని మాట్లాడుకునే హక్కు చెప్పే 87, 98 ఒడంబడికలనైతే మన దేశం ఇప్పటికీ ఆమోదించనే లేదు. ప్రభుత్వోద్యోగుల రూల్సు అడ్డొస్తాయని దశాబ్దాలుగా ఒకటే జవాబు. ఏ పార్టీ వచ్చినా ఇంతే.

మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. ఈ సవరణల పూర్తి పాఠాన్ని, పాత సెక్షన్లు పక్కన పెట్టి, తెలుగులో ఒక పేజీ నిండా వేయండి. బస్సు కోసం నిలబడే పిల్లలకు నాలుగున్నరకే వెళ్లి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత టైమ్‌కీపర్,
అనకాపల్లి