వింగ్ కమాండర్ గారి జ్ఞాపకాల నిధి: జమా ఖర్చుల వివరణ

సైనిక్‌పురిలోని మా కాలనీ వాళ్లకు, చందా ఇచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

మన వీధిలో ఉండే, వాయుసేనలో పైలట్‌గా చేసిన వింగ్ కమాండర్ గారి యుద్ధ జ్ఞాపకాలు రికార్డు చేయడానికి వసూలు చేసిన డబ్బుకు ఇది లెక్క. పేరు రాయొద్దని ఆయనే కోరారు. మొత్తం వచ్చింది 1,81,760 రూపాయలు. ఖర్చయింది 1,64,300. మిగిలిన 17,460 బ్యాంకులోనే ఉంది.

జమలో 1,42,500 మన 71 ఇళ్ల నుంచి వచ్చింది. మాజీ సైనికులు 38,000 ఇచ్చారు. పెన్షన్ పడిన రోజే తెచ్చిచ్చిన వాళ్లున్నారు. 1,260 బ్యాంకు వడ్డీ. విదేశీ పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు ఇద్దరు పంపుతామన్నారు గానీ వద్దన్నాం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ఆ సొమ్ము తీసుకోకూడదు. వాళ్లు ఏమీ అనుకోవద్దని మనవి.

ఇక ఖర్చు. చాలామంది అడిగింది ఒకటే: సన్మానానికి కుర్చీలు, టిఫిన్లు, శాలువా అన్నీ కలిపి 14,300 పెట్టి, ఆయన మాటలు కాగితం మీద రాయించడానికి 41,400 ఎందుకు పెట్టారని. రికార్డింగ్ 23 గంటలు వచ్చింది. గంట మాటలు విని ఉన్నదున్నట్టు రాయాలంటే ఐదారు గంటలు పడుతుంది. పైగా ఆయన తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి, హిందీలోకి వెళ్లిపోతారు. రికార్డింగ్ గంటకు 1,800 చొప్పున ఇచ్చాం. ఆ పనికి అది తక్కువే అని మా అభిప్రాయం.

వాయుసేన అధిపతిగా చేసిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ గారు 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. నిజాం కాలేజీలో చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు విమానం నడిపిన మన ఊరి మనిషి. ఆయన జీవితాన్ని భార్య బిల్కీస్ గారు పుస్తకంగా రాశారు. చీఫ్ దాకా వెళ్లని వాళ్ల సంగతి ఎవరు రాస్తారు? వింగ్ కమాండర్ గారికి 84 ఏళ్లు.

రికార్డర్‌కూ, రెండు కాలర్ మైకులకూ, కార్డులకూ 31,400 అయింది. మొదటి రోజు రికార్డింగ్ పాడైంది, తప్పు మాదే. మే నెల ఎండల్లో ఫ్యాన్ ఆపమని పెద్దాయన్ని అడగడానికి మొహమాటపడ్డాం. ఇంటికొచ్చి వింటే గాలి హోరే తప్ప మాట లేదు. మర్నాడు చెబితే, ఆయనే లేచి స్విచ్ ఆపి, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని కూర్చున్నారు. జెట్ల చప్పుడుకి ఎడమ చెవి పోయింది కాబట్టి ప్రశ్నలు కుడివైపు నుంచి అడగాల్సి వచ్చింది.

ఆయన విమానం నడిపిన ప్రతిసారీ వివరాలు రాసుకున్న లాగ్‌బుక్కుల స్కానింగ్‌కూ, ఆమ్లం లేని కాగితంతో చేసిన పెట్టెలకూ 22,750. మూడు పుస్తకాల కుట్లూ వదులైపోయాయి. జిరాక్స్ మిషన్ మీద బోర్లించి నొక్కితే బైండింగ్ ఊడిపోతుంది, అందుకే పైనుంచి కెమెరాతో ఒక్కో పేజీ తీయించాం. 1971 డిసెంబరు, బంగ్లాదేశ్ యుద్ధం నాటి పేజీలో ఉన్నది తేదీ, ఆయన నడిపిన హంటర్ యుద్ధ విమానం నంబరు, గాల్లో ఉన్న సమయం, అంతే. బెంగాల్‌లోని హాసిమారా వైమానిక స్థావరం నుంచి ఢాకా వైపు వెళ్లిన ఒక వరుస దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. తనతో లేచిన వాళ్లలో ఒకరు ఆ రోజు తిరిగి రాలేదు. "ఇక్కడ ఆపండమ్మా" అన్నారు. రికార్డర్ ఆపేశాం. ఆ తర్వాత చెప్పింది ఎక్కడా రాయలేదు, రాయం.

హార్డ్ డిస్కులు రెండిటికి 11,600. ఒకటి వింగ్ కమాండర్ గారి అమ్మాయి ఇంట్లో, ఒకటి కాలనీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. రాకపోకలకు 6,850. వంద కాపీల పుస్తకం అచ్చుకు 36,000. చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక కాపీ వస్తుంది.

మిగిలిన 17,460 గురించి. హంటర్ ముక్కు కింద నాలుగు 30 మిల్లీమీటర్ల గన్లు ఒకే పెట్టెలా ఊడి వస్తాయి. విమానం దిగగానే ఖాళీ పెట్టె దించి, నిండు పెట్టె ఎక్కించే కుర్రాళ్ల గురించి ఆయన గంటన్నర మాట్లాడారు, తన గురించి కన్నా ఎక్కువ. వాళ్లలో ఒకాయన ఇప్పుడు అల్వాల్‌లో ఉంటారు. ఆ డబ్బు ఈ అల్వాల్ ఆయన మాటల రికార్డింగ్‌కి వాడాలని కమిటీ తీర్మానించింది. అభ్యంతరం ఉన్నవాళ్లు ఈ నెలాఖరులోగా చెప్పండి.

బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు ఆదివారాలు ఉదయం 10 నుంచి 12 దాకా కాలనీ ఆఫీసులో ఎవరైనా చూడొచ్చు.