ప్యారిస్ ఎక్స్ఛేంజ్ బ్యాచ్‌కి: క్లాసులు, తిరుగుళ్లు

అందరికీ నమస్తే. ఊళ్లు తిరగడానికి టికెట్లు కొనే ముందు కోర్సు సిలబస్‌లు తెరిచి, గ్రూప్ ప్రెజెంటేషన్ తేదీలన్నీ క్యాలెండర్‌లో వేసుకోండి. ఒక్క ఈసీటీఎస్ క్రెడిట్ (కోర్సుకి పట్టే పనిని కొలిచే యూరప్ లెక్క) అంటే 25 నుంచి 30 గంటల పని. 30 క్రెడిట్లు తీసుకుంటే తక్కువలో తక్కువ 750 గంటలు. అందులో క్లాసులో కూర్చునేది కొంతే, మిగతాదంతా కేస్ స్టడీలు చదవడం, టీమ్ వర్క్. దెబ్బ తగిలేది అక్కడే. ఆదివారం రాత్రి ఆఖరి రైలు రద్దయితే సోమవారం పొద్దున మీ ఒక్కరికే కాదు, టీమ్ మొత్తానికీ ఇబ్బంది. తిరుగు టికెట్ ఆదివారం మధ్యాహ్నానికే తీసుకోండి. మీ వంతు స్లయిడ్లు శుక్రవారమే పంపేయండి, దయచేసి.

ప్యారిస్ మ్యూజియంలకి శని, ఆదివారాలు ఖర్చు పెట్టకండి. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా, ఓర్సే గురువారం 9:45 దాకా తెరిచే ఉంటాయి. లూవ్ర్‌కి మంగళవారం, ఓర్సేకి సోమవారం సెలవు. 26 ఏళ్లు నిండకుండా, ఫ్రాన్స్ లాంగ్ స్టే వీసా ఉంటే రెండూ ఉచితమే. పాస్‌పోర్ట్ చూపించాలి. లూవ్ర్‌కి టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోండి.

ఇక వీసా. లాంగ్ స్టే స్టూడెంట్ వీసాని వచ్చిన 3 నెలల్లోపు ఆన్‌లైన్‌లో వ్యాలిడేట్ చేయాలి. గడువు దాటితే మీ నివాస హక్కే చిక్కుల్లో పడుతుంది, ప్రయాణాల సంగతి తర్వాత. మిగతా షెంజెన్ దేశాల్లో (సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల్లో) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు. లండన్, డబ్లిన్ షెంజెన్‌లో లేవు, వాటికి వేరే వీసాలు కావాలి.