కార్డు వేస్తే కొత్త విండోస్ వస్తదా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్ మడత విప్పితే లోపల నుంచి పసుపు రంగు పాంప్లెట్ ఒకటి జారి పడింది. పాత కంప్యూటర్ పారేయకండి, గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మ చూపించే విడి భాగం) వేయించుకోండి, ఒక్క రోజులో కొత్త విండోస్ అని రాసి ఉంది. దానికీ మీకూ సంబంధం లేదని నాకు తెలుసు. తెల్లవారుజామున ఏజెంట్ దగ్గర పేపర్లు సర్దేటప్పుడు మధ్యలో పెడతారు, చిట్టీలవి, కోచింగ్ సెంటర్లవి, చీరల షాపులవి అన్నీ అట్లాగే వస్తాయి. వాటిలో కొన్ని నేనే డిజైన్ చేసి ఇస్తాను కాబట్టి పాంప్లెట్ల మీద నాకు కోపం కూడా లేదు. కానీ పేపర్‌లో వచ్చిందంటే పేపరోళ్లే చెప్పారు అనుకునేవాళ్లు మా గల్లీలోనే నలుగురున్నారు. ఇదే మాట ఇంకో షాపులో విని, నమ్మి, కార్డు కొన్నవాడిని నేను. అందుకే ఈ ఉత్తరం.

హనుమకొండలో చిన్న డీటీపీ సెంటర్ నాది. పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు, సంస్మరణ ఫ్లెక్సీలు, మేడారం జాతర ముందైతే స్వాగతం ఫ్లెక్సీలు, ఇదీ పని. మెషీన్లు రెండు. రెండూ పన్నెండు పదమూడేళ్ల కింద సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పోయి ఒక్కొక్క పార్టు కొని తెచ్చి బిగించుకున్నవి, ఇంటెల్ ఐ5 మూడో తరం, ఎనిమిది జీబీ ర్యామ్, తర్వాత ఎస్ఎస్‌డీ వేశాను. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, పాత ఫోటోషాప్, వీటికి ఇంతకంటే అవసరం లేదు, ఇప్పటికీ కస్టమర్ ముందు కూర్చోబెట్టి పేరు మార్చి, ఫోటో మార్చి, రంగు మార్చి చూపిస్తుంటే ఎక్కడా ఆగదు. ఇంతలో 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ అయిపోయింది. అయిపోతే ఏంది, కంప్యూటర్ నడుస్తనే ఉంది కదా అంటారు. నడుస్తుంది. కానీ మా దగ్గరికి రోజుకు ఇరవై పెన్‌డ్రైవ్‌లు వస్తాయి, ఎవరి దాంట్లో ఏ వైరస్ ఉందో దేవుడికి తెలియాలి, అదే మెషీన్‌లో నెట్ బ్యాంకింగ్ కూడా చేస్తాం. సెక్యూరిటీ అప్‌డేట్లు రావంటే నిజంగానే టెన్షన్.

షాపుకు పోయాను. అబ్బాయి మంచోడే, చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనను. "అన్నా, నీ దాంట్లో గ్రాఫిక్స్ కార్డు లేదు కదా, అందుకే విండోస్ 11 తీసుకుంటలేదు. కార్డు ఏస్తే అయిపోతది" అన్నాడు. నేను ఊరికే నమ్మలేదు, "ఎక్కడుంది తమ్మీ గట్ల" అని అడిగితే విండోస్ 11కి ఏమేం కావాలో చెప్పే మైక్రోసాఫ్ట్ లిస్టు ఫోన్‌లో తీసి చూపించాడు. అందులో నిజంగానే ఒక లైను ఉంది, డైరెక్ట్‌ఎక్స్ 12ను (బొమ్మలు గీయడానికి విండోస్ వాడే సాఫ్ట్‌వేర్) సపోర్ట్ చేసే గ్రాఫిక్స్ కావాలని. నా మెషీన్‌లో ప్రాసెసర్‌తోనే వచ్చిన ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్‌కు డైరెక్ట్‌ఎక్స్ 11 వరకే ఉంది. ఇంకేం, అబద్ధం ఎక్కడుంది? జీటీ 710 అనే రెండు జీబీ కార్డు, మూడు వేల చిల్లర, బిల్లు లేకుండా.

ఇంటికొచ్చి బిగించి, మైక్రోసాఫ్ట్ వాళ్లే ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రామ్ నడిపితే మళ్లీ కుదరదు అంది. అప్పుడు కూర్చుని ఆ లిస్టు మొదటి నుంచి చివరి దాకా చదివాను, అదేదో డబ్బులు ఇచ్చే ముందు చదివితే బాగుండేది. ప్రాసెసర్ ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి ఉండాలి, ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఏడో తరం కూడా లిస్టులో లేదు. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు పనిచేసే యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ అనే ఏర్పాట్లు ఉండాలి. గ్రాఫిక్స్ అనేది ఈ లైన్లలో ఒకటి మాత్రమే. కార్డు కొంటే ఆ ఒక్క లైను దగ్గర టిక్కు పడుతుంది, మిగతావి ఎక్కడివక్కడే. టీపీఎం మదర్‌బోర్డులోనో ప్రాసెసర్‌లోనో ఉండేది, గ్రాఫిక్స్ కార్డులో రాదు. ప్రాసెసర్ తరం మారాలంటే మదర్‌బోర్డు మారాలి, మదర్‌బోర్డు మారితే ర్యామ్ కూడా డీడీఆర్3 నుంచి మారాలి, అంటే డబ్బా ఒక్కటి పాతది, లోపలంతా కొత్తది.

అసలు ఈ కార్డు నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు అది నిజం. 2007లో విస్టా వచ్చినప్పుడు నేను ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తున్నా. కిటికీలు అద్దంలా మెరిసే ఏరో అనే సోకు కావాలంటే డైరెక్ట్‌ఎక్స్ 9 కార్డు కావాల్సిందే, బోర్డు మీద ఉండే గ్రాఫిక్స్‌తో చాలా మెషీన్లలో వచ్చేది కాదు. అప్పుడు మేము ఏజీపీ స్లాటా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటా అని డబ్బా ఊడదీసి టార్చ్ వేసి చూసుకుని కార్డులు తెచ్చేవాళ్లం, వేసిన రోజు స్టూడియో ఓనర్ పక్క షాపులవాళ్లను పిలిచి మరీ చూపించాడు. కార్డు వేస్తే కొత్త విండోస్ అనే మాట అప్పటిది. ఈసారి తలుపు దగ్గర ఆపుతున్నది ప్రాసెసర్, టీపీఎం. షాపుల్లో మాత్రం పాత మాటే నడుస్తోంది.

దీనికి ఆ అబ్బాయి దగ్గర ఇంకో మందు కూడా ఉంది. "చెక్ చేయకుండా ఎక్కిచ్చే పద్ధతి ఉంది అన్నా" అని పెన్‌డ్రైవ్‌తో ఒక మెషీన్‌కు విండోస్ 11 ఎక్కించి ఇచ్చాడు. ఎక్కింది, నడిచింది కూడా, అది అబద్ధం కాదు. కానీ ఇట్లాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయని మేము హామీ ఇవ్వం అని మైక్రోసాఫ్టే చెప్తోంది. నేను విండోస్ మార్చాలనుకున్నదే అప్‌డేట్ల కోసం కదా! పైగా ఇది కూడా అన్ని మెషీన్లకూ కుదరదు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఉండాల్సిన కొన్ని ఆదేశాలు లేకపోతే అసలు బూట్ కూడా కాదు, ఇంకా పాతవైన కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ మెషీన్లు అక్కడే ఆగిపోతాయి. మన వైపు ప్రైవేటు స్కూళ్ల కంప్యూటర్ గదుల్లో కవర్లు కప్పి పెట్టిన కోర్ 2 డ్యుయోలు ఇంకా ఉన్నాయి, వాటికి కార్డులు వేయిస్తామని ఎవరైనా కొటేషన్ ఇస్తే దయచేసి ఒక్క నిమిషం ఆగండి.

అట్లాగని గ్రాఫిక్స్ కార్డు వేస్ట్ అని నేను అనడం లేదు. రెండో మానిటర్ పెట్టుకోవాలంటే పనికొస్తుంది, ఒక దాంట్లో కార్డు డిజైన్, ఇంకో దాంట్లో కస్టమర్ వాట్సాప్‌లో పంపిన పేర్లు, చాలా సుఖం. కొత్త ఫోటోషాప్ సరిపడా గ్రాఫిక్స్ లేకపోతే కొన్ని పనులు చేయనంటుంది. వీడియోలు చూసేటప్పుడు ప్రాసెసర్ మీద భారం తగ్గుతుంది, కానీ ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. జీటీ 710లో హెచ్.265, యూట్యూబ్ వాడే వీపీ9 అనే రకాల వీడియోలను విప్పే సామాను లేదు. 2017లో వచ్చిన జీటీ 1030లో ఉంది. షాపులో రెండూ రెండు జీబీలే, డబ్బాలు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, "రెండు జీబీ కార్డు" అని అడిగితే ఏది చేతికి దొరికితే అది ఇస్తారు. జీటీ 1030లోనూ డీడీఆర్4 మెమరీ రకం ఒకటి ఉంది, పేరు అదే, జీడీడీఆర్5 రకం కంటే బాగా నెమ్మది. జీబీ ఎంత అని కాదు, ఏ మోడల్, ఏ మెమరీ అని అడగాలి.

ఆపైన డ్రైవర్ల సంగతి, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్. జీటీ 710 కెప్లర్ అనే తరానిది. ఆ తరానికి దాని చిప్ కంపెనీ ఎన్విడియా మామూలు డ్రైవర్లు 2021లోనే ఆపేసింది, సెక్యూరిటీ సరిచేతలు కూడా 2024 సెప్టెంబర్‌తో ముగిశాయి. అంటే కొత్త విండోస్ కోసమని నాకు అంటగట్టిన కార్డుకు కంపెనీయే చేతులు దులుపుకుంది. ఈ కార్డు ఇప్పటికీ సీల్డ్ డబ్బాలో, కొత్త సరుకుగా అమ్ముతున్నారు. జీటీ 1030, జీటీఎక్స్ 1050 టీఐ లాంటివి పాస్కల్ తరం, వాటికీ 2025 అక్టోబర్‌తో మామూలు డ్రైవర్లు అయిపోయాయి, సెక్యూరిటీ సరిచేతలు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు.

బిగించడంలో ఉన్న బాధ నర్సంపేటలో ఉండే మా బామ్మర్దిని అడగాలి. ఆయనది ఆఫీసుల్లో వాడి అమ్మేసిన సన్నటి డబ్బా. కార్డు కొన్నాడు, డబ్బాలో పట్టలేదు, ఎత్తు సగమే ఉండే లో ప్రొఫైల్ కార్డు కావాలట. సరే అని మార్చుకున్నాడు, ఈసారి ఆ కార్డుకు విడిగా కరెంటు వైరు కావాలి, ఆయన ఎస్ఎంపీఎస్‌లో (కరెంటు ఇచ్చే పెట్టె) ఆ పిన్ను లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఇచ్చేది మహా అంటే 75 వాట్లు, అంతకంటే ఎక్కువ తాగే కార్డుకు వేరే వైరు ఉండాల్సిందే. జీటీ 1030కి 30 వాట్లు చాలు, అది స్లాటు నుంచే తీసుకుంటుంది. మూడోసారి అదే తెచ్చాడు. పట్టింది. మానిటర్ వైరు పట్టలేదు! ఆయనది నీలం పిన్నుల వీజీఏ మానిటర్, ఆ కార్డుకు హెచ్‌డీఎంఐ, డీవీఐ మాత్రమే ఉన్నాయి, ఆ డీవీఐలోంచి కూడా వీజీఏ సిగ్నల్ రాదు, హెచ్‌డీఎంఐ నుంచి మార్చే కన్వర్టర్ ఇంకోటి కొనాలి. "బావా, ఈ డబ్బులతో ఒక మేకపిల్ల వచ్చేది" అన్నాడు.

ఇప్పుడు నేనేం చేశానంటే, దొంగదారిన ఎక్కించిన విండోస్ 11 తీసేసి ఒక మెషీన్‌ను మళ్లీ విండోస్ 10కి తెచ్చాను. 2026 అక్టోబర్ 13 దాకా ఇళ్లలో వాడుకునేవాళ్లకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ పెడితే డబ్బులు కట్టకుండానే, లేదంటే 30 డాలర్లు. నాది షాపు కదా అంటే, అవును, కానీ మెషీన్ నా పేరు మీదిదే. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు ఇందులోనే, నెట్ తీసేశాను, అప్‌డేట్లు చేసుకునే రోజు మాత్రం పెడతా. రెండో మెషీన్‌లో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాను. దానికి కార్డు అక్కర్లేదు, పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ లినక్స్‌లోనే ఉంటుంది, కార్డు ఊడదీశాకే ఇంకా హాయిగా ఉంది. నెట్ బ్యాంకింగ్, ఆన్‌లైన్ దరఖాస్తులు, జిరాక్స్, ప్రింట్లు అన్నీ దాంట్లోనే. ఎవరి పెన్‌డ్రైవ్ అయినా ముందు అందులో పెడతా. మా అనూ ఫాంట్ల పని దాంట్లో కాదు, ఆ కష్టం ఉంది, దాచేది ఏమీ లేదు.

చివరిగా మీకో విన్నపం. మీ పేపర్‌లో కొత్త ఫోన్ల గురించి వారం వారం వస్తుంది. జిల్లా పేజీలో ఒక్కసారి, ఒక పావు పేజీ చాలు, పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు దుకాణానికి పోయే ముందు ఏం చూసుకోవాలో మామూలు తెలుగులో వేయండి. ముందు పీసీ హెల్త్ చెక్ నడిపి ఏ లైను దగ్గర ఆగిందో చూడమనండి. ప్రాసెసర్ దగ్గర ఆగితే కార్డు మాట ఎత్తొద్దని రాయండి. షాపులవాళ్లకు కూడా నా మాట ఒక్కటే, కార్డు అమ్మండి, కానీ "విండోస్ 11 కోసం" అని బిల్లు మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. నేను అడిగితే ఆ అబ్బాయి నవ్వి, "బిల్లు ఎందుకన్నా, మనం మనం" అన్నాడు. కార్డు వాపస్ తీసుకోలేదు. క్యాష్ బాక్స్ పక్క సొరుగులో, పెళ్లి కార్డుల శాంపిళ్ల కింద ఉంది, రెండో మానిటర్ కోసం ఎవరికైనా కావాలంటే సగం ధరకు ఇచ్చేస్తా, వీజీఏ పిన్ను కూడా ఉంది దానికి.

— ఒక డీటీపీ ఆపరేటర్, హనుమకొండ